కైరోలో మిగిలిన బాకీ

ప్రతి నెలా ఈ పుటలో పాఠకుల ధర్మసందేహాలకు మాకు తెలిసినంతలో సమాధానాలు వ్రాస్తూ ఉంటాము. ఈ నెల సందేహం మాదే. అందుచేత పాఠక సోదర సోదరీమణులు కొంత ఓపిక వహించి, దానితోపాటు ఒక ప్రయాణ వృత్తాంతం కూడా వినవలసి ఉంటుంది.

గత జనవరిలో పది రోజులపాటు కైరో నగరానికి వెళ్ళివచ్చాము. మా యౌవనంలో ఆరేళ్ళు, అంటే 1991 నుండి 1997 వరకు, ఆ నగరమే మా ఇల్లు. అల్ అజ్‌హర్‌లో చదువుకునే విదేశీ విద్యార్థుల కొరకు అబ్బాసియా ప్రాంతంలో 'మదీనతుల్ బుఊస్' అనే పెద్ద వసతి ప్రాంగణం ఉన్నది. అందులో ఒకే వరండా మీద వరుసగా నాలుగు గదులు. ఒకదానిలో మేము, పక్కదానిలో కేరళ మిత్రుడు, ఆ తరువాతి రెండింటిలో మలేషియా, సెనెగల్ దేశాల మిత్రులు ఉండేవారు. విడిపోయిన తరువాత కొన్నేళ్ళు ఉత్తరాల ద్వారా, ఈ మధ్య ఫోను ద్వారా క్షేమసమాచారాలు తెలుసుకుంటూనే ఉన్నాము. ఇక వయస్సు మీద పడుతున్నది, ఒక్కసారి అందరం కలుసుకుందామన్నారు. కౌలాలంపూర్ రమ్మని ఒకరు, కోళిక్కోడ్ రమ్మని ఒకరు. చివరకు సెనెగల్ మిత్రుడు తీర్పు చెప్పాడు: "ఎక్కడ విడిపోయామో అక్కడే కలుసుకోవాలి."

బయలుదేరే ముందురోజు మా ఆపా ఫోను చేశారు. ఆమె మాకంటే ఆరేళ్ళు పెద్ద. దుఆలు ఇచ్చి, మందులు పెట్టుకున్నావా, చలిబట్టలు పెట్టుకున్నావా అని అడిగి, చివరలో అన్నారు: "ఆ పుస్తకాల హాజీ గారి బాకీ ఈసారైనా తీర్చి రా తమ్ముడూ."

ఆ బాకీ సంగతి ఏ కాలంలోనో ఆమెతో చెప్పి ఉంటాము. ఆమె మరువలేదు. మేమూ మరువలేదు గాని, మరచినట్లు బ్రతకడం అలవాటు చేసుకున్నాము.

1992 అక్టోబరు 12వ తేదీ మధ్యాహ్నం మూడు గంటలు దాటిన కొద్ది నిమిషాలకు కైరోలో భూమి కంపించింది. ఐదు వందలకు పైగా ప్రాణాలు పోయాయి. పాత పేటలలో వేలాది ఇళ్ళు బీటలువారాయి. విద్యార్థులందరం ఆ రాత్రులు ఆరుబయటనే పడుకున్నాము. అజ్‌హర్ మస్జిదు వెనుక 'దర్బుల్ అత్రాక్' అనే పుస్తకాల సందు ఉన్నది. రెండు రోజుల తరువాత అటు వెళ్ళి చూస్తే, మేము తరచూ వెళ్ళే అంగడి వెనుక గోడ నిలువునా చీలి ఉన్నది. అంగడి యజమాని అయిన వృద్ధ హాజీ గారు పుస్తకాలన్నీ వీధిలో గుట్టలుగా పోసుకుని కూర్చున్నారు. ఆ దినమంతా మేము నలుగురమూ ఆ గుట్టలను భుజాల మీద మోసి, పై సందులో ఆయన బంధువుల ఇంటికి చేర్చాము. సాయంత్రం ఆయన ఇంటి నుండి వేడి పప్పుచారు, రొట్టెలు వచ్చాయి. ఆనాటి నుండి హాజీ గారి వద్ద మాకు అరువు పుట్టింది. మా పేరు ఆయన నాలుకకు పలికేది కాదు. 'యా హిందీ' అని పిలిచేవారు. సన్నని పొడవాటి ఖాతా పుస్తకంలో 'హిందీ' అనే పేరు క్రింద పెన్సిలుతో లెక్క వ్రాసుకునేవారు.

1997 ఆరంభంలో ఆయన వద్ద ఇబ్నె ఆబిదీన్ (రహ్మలై) గారి 'రద్దుల్ ముహ్తార్' సంపుటాలు తీసుకున్నాము. హనఫీ ఫిఖ్హ్ బోధించదలచినవారికి అది లేకుండా గడవదు. కొంత రొక్కం ఇచ్చాము. 170 పౌండ్లు బాకీ పడ్డాము. రెండు నెలలలో ఇస్తామన్నాము. మూడో వారంలోనే మా గ్రామం నుండి కబురు వచ్చింది, అబ్బాకు ప్రాణం మీదికి వచ్చిందని. ఉన్న డబ్బంతా విమానం టిక్కెట్టుకు పోయింది. మేము ఇల్లు చేరేసరికి మట్టి ఇచ్చివేశారు.

ఆ తరువాత మద్రసాలో ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. ఒకసారి హాజీ గారికి ఉత్తరం వ్రాశాము, జవాబు రాలేదు. ఇంకొకసారి కైరో వెళ్ళే విద్యార్థి చేతికి డబ్బు ఇవ్వబోతే అతని ప్రయాణమే ఆగిపోయింది. ఇవన్నీ సాకులు. ఇరవై ఎనిమిదేళ్ళలో తీర్చదలచుకున్నవానికి దారి దొరకకపోదు. ఒక మృతునికి బాకీ ఉన్నదని తెలిసి దైవప్రవక్త (స) జనాజా నమాజు చేయించక ఆగిపోయిన వైనం, మూడు దీనార్ల ఆ అప్పును హజ్రత్ అబూ ఖతాదా (రజి) తమ మీద వేసుకున్న తరువాతనే చేయించిన వైనం మా విద్యార్థులకు ఏటేటా బోధిస్తూ ఉంటాము. పాఠం చెప్పేది ఆ 'రద్దుల్ ముహ్తార్' ఉన్న అలమర ముందు కూర్చునే.

కైరో చేరిన సాయంత్రం అసర్ నమాజు వేళకు నలుగురమూ అజ్‌హర్ మస్జిదు వాకిట కలుసుకున్నాము. గడ్డాలు నెరిశాయి, మలేషియా మిత్రుని చేతికి కర్ర వచ్చింది. ఒకరినొకరు కౌగిలించుకుని కొంతసేపు ఎవరమూ ఏమీ మాట్లాడలేదు. ఫాతిమీ సేనాని జౌహర్ 970లో పునాది వేసిన ఆ మస్జిదు ఎన్నో రాజ్యాలను చూసింది. సుల్తాన్ సలాహుద్దీన్ కాలంలో అక్కడ జుమా ఆగిపోయి, 1266లో సుల్తాన్ బైబర్స్ కాలంలో మరల మొదలయినది. మొన్నటి మరమ్మతుల తరువాత ప్రాంగణంలోని తెల్లని చలువరాయి కళ్ళు చెదిరేలా మెరుస్తున్నది. సుల్తాన్ గౌరీ కట్టించిన రెండు తలల మినారు మాత్రం మాకు గుర్తున్నట్లే నిలబడి ఉన్నది. పూర్వం విద్యార్థులు తమ తమ దేశాలవారీగా ఉండి చదువుకున్న 'రివాఖ్' గదుల ముందు నడిచాము: తుర్కులది, మగ్రిబు వారిది, షాము వారిది. మేము పాఠాలు విన్న స్తంభం ఏదన్న విషయంలో మాలో మాకే వాదం వచ్చి, తేలకుండానే మిగిలిపోయింది.

మస్జిదు నుండి నేరుగా దర్బుల్ అత్రాక్ సందుకు నడిచాము. హాజీ గారి అంగడి ఉన్నది, అయితే మూసి ఉన్నది. సగభాగంలో పుస్తకాలు, మిగతా సగంలో తస్బీహులు, ఫోను తొడుగులు అమ్ముతున్నారని అద్దాల వెనుక కనబడుతూనే ఉన్నది. పక్క అంగడివారు చెప్పారు: హాజీ గారు చనిపోయి తొమ్మిదేళ్ళయింది. కుమారునికి వేరే వ్యాపారం ఉన్నది, ఈ అంగడిని పనివాడు చూసుకుంటాడు. ఈ వారం పనివాడు ఊరికి వెళ్ళాడు. కుమారుడు గురువారం మగ్రిబ్ తరువాత వస్తాడు.

ఆ రోజు ఆదివారం. "ఇన్నా లిల్లాహి" అని చదువుకుని అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాము. కేరళ మిత్రుడు భుజం మీద చేయి వేసి, "గురువారం దాకా ఊరు చూద్దాం పద" అన్నాడు.

చదువుకునే రోజులలో ఊరు చూడడానికి మాకు బస్సు ఖర్చులు ఉండేవి కావు. ఆరేళ్ళు ఉండి కూడా ఎన్నో చోట్లకు వెళ్ళలేదన్న సంగతి ఇప్పుడు తెలిసి వచ్చింది. పిరమిడ్లకు కూడా వెళ్ళాము. వాటి గురించి పాఠకులు ఇంతకుముందు చదవని మాట మా వద్ద ఏదీ లేదు, మలేషియా మిత్రుడు ఒంటె యజమానితో అరగంట బేరమాడి ఓడిపోయాడన్నది తప్ప. ఆఫ్రికా ఖండంలోనే మొదటిదని పేరున్న అమ్ర్ బిన్ ఆస్ (రజి) మస్జిదులో జుహర్ చదివాము. ఎన్నిసార్లు తిరగకట్టారో గాని, మొదటి కట్టడపు ఆనవాలు ఇప్పుడు లేదు, నేల మాత్రం ఆ నేలే. కోటలోని ముహమ్మద్ అలీ మస్జిదు ముంగిట ఒక గడియార స్తంభం ఉన్నది. ఈజిప్టు ఇచ్చిన లక్సర్ రాతిస్తంభానికి బదులుగా ఫ్రాన్సు రాజు లూయీ ఫిలిప్ పంపిన గడియారం అది. రాతిస్తంభం పారిసు నగరం నడిబొడ్డున నిటారుగా నిలబడి ఉన్నది; గడియారం మాత్రం ఎన్నో ఏళ్ళు నడవనే లేదు. సెనెగల్ మిత్రుడు దాని క్రింద నిలబడి చాలాసేపు నవ్వాడు. అతని దేశాన్ని కూడా ఏలినది ఫ్రాన్సే కదా.

మా మనస్సును పట్టి నిలిపినవి రెండు చోట్లు. మొదటిది సుల్తాన్ హసన్ మద్రసా. 1356లో మొదలుపెట్టిన ఆ కట్టడంలో నడుమ విశాలమైన ప్రాంగణం, దాని నలువైపులా నాలుగు ఎత్తయిన ఈవాన్లు, నాలుగు మూలలా నాలుగు ఫిఖ్హ్ మజ్‌హబులకు వేర్వేరు మద్రసాలు ఉన్నాయి. మాలో హనఫీ మేమొక్కరమే. కేరళ, మలేషియా మిత్రులు షాఫియీలు, సెనెగల్ మిత్రుడు మాలికీ. ఎవరి మజ్‌హబు వాకిట వారు నిలబడి ఫోటో తీయించుకున్నాము. హంబలీ వాకిలి ఖాళీగా ఉండిపోయింది. అయితే ఇంత పెద్ద కట్టడానికి డబ్బు ఎక్కడిది? దానికి కొద్ది సంవత్సరాల ముందే మహమ్మారి ప్లేగు ఈజిప్టును తుడిచిపెట్టింది. కుటుంబాలకు కుటుంబాలే పోయి, వారసులు లేక మిగిలిన ఆస్తులు ప్రభుత్వ ఖజానాకు చేరాయి. ఆ సొమ్మే ఈ రాళ్ళయిందని చరిత్రకారులు వ్రాశారు. కట్టడం సాగుతుండగా 1361లో ఒక మినారు కూలి మూడు వందల మంది దాకా చనిపోయారని మఖ్రీజీ వ్రాశాడు. వారిలో అక్కడ చదువుకునే అనాథ బాలలు కూడా ఉన్నారట. కట్టించిన సుల్తాను హత్యకు గురయ్యాడు. తన కోసం కట్టించుకున్న గుంబదు క్రింద అతని సమాధి లేదు. వారసులు లేని సొమ్ము గురించి అక్కడ కూర్చుని చాలాసేపు ఆలోచించాము. మా బాకీకి వారసులు ఉన్నారు, అది మాత్రం నిశ్చయం.

రెండవది నైలు నది నడుమ రౌదా ద్వీపం దక్షిణపు కొనన ఉన్న 'మిఖ్యాస్', అంటే నది కొలత. అబ్బాసీల కాలంలో, 861లో కట్టినది. ఇది నేలలోకి దిగిన లోతైన రాతి బావి. నడుమ ఎనిమిది పలకల స్తంభం, దాని మీద మూరల గీతలు ఉన్నాయి. పూర్వం నది నీరు సొరంగాల ద్వారా ఈ బావిలోకి వచ్చేది. నీరు పదహారు మూరలకు చేరితే ఆ యేడు పంట పండినట్లే. దానిని బట్టే శిస్తు నిర్ణయించేవారు. తగ్గితే కరవు, మించితే వరద. 1970లో అస్వాన్ ఎత్తు ఆనకట్ట పూర్తి అయిన తరువాత నైలుకు వరద లేదు, ఈ స్తంభానికి పని లేదు. మెట్లు దిగి క్రిందికి వెళ్ళి, ఆ గీతలను చేతితో తాకి చూశాము.

"మన హిందీ బాకీకి కూడా ఇటువంటి స్తంభం ఒకటి కావాలి" అన్నాడు కేరళ మిత్రుడు. పరిహాసానికి అన్న మాట అది. ఆ మాట మీద నాలుగు రోజులు వాదించుకున్నాము.

వాదం ముదిరింది అజ్‌హర్ పార్కులో. 2005లో తెరిచిన ఈ ఉద్యానవనం మా కాలంలో లేదు. మా కాలంలో అక్కడ ఉన్నది చెత్త దిబ్బ. ఐదు వందల ఏళ్ళుగా నగరం పారవేసిన మట్టి, చెత్త కొండలుగా పేరుకుపోయి ఉండేవి. దానిని చదును చేస్తుండగా సలాహుద్దీన్ వంశీయుల కాలపు కోటగోడ దిబ్బ క్రింద బయటపడింది. ఇప్పుడు అక్కడ పచ్చిక, నీటి కాలువలు, పిల్లల కేరింతలు. గట్టు మీద కూర్చుంటే ఎదురుగా వేయి మినార్ల నగరమంతా కనబడుతుంది.

సమస్య ఇది. 1997లో ఒక డాలరుకు ఈజిప్టు పౌండ్లు సుమారు మూడున్నర. మా 170 పౌండ్లు అంటే అప్పటికి యాభై డాలర్లు. 2016లో ఒకసారి, 2024 మార్చిలో మరొకసారి పౌండు కుప్పకూలి ఇప్పుడు డాలరుకు యాభైకి అటూ ఇటూగా ఉన్నది. అదే 170 ఇప్పుడు మూడున్నర డాలర్లు. ఆ రోజు మధ్యాహ్నం నలుగురమూ తిన్న కుషరీకే అంతకు మించి అయింది. మరి మేము చెల్లించవలసినది ఎంత?

మలేషియా మిత్రుడు బంగారంతో కొలవాలన్నాడు. 1997 ధరకు యాభై డాలర్లంటే సుమారు నాలుగున్నర గ్రాములు. ఈనాటి ధర తలచుకుంటేనే మా గుండె జారింది. సెనెగల్ మిత్రుడు రొట్టెతో కొలిచాడు. మేము వరుసలో నిలబడి కొనుక్కున్న 'ఐష్ బలదీ' రొట్టె అప్పుడు ఐదు ఖిర్షులు. 1989 నుండి 2024 జూను వరకు ప్రభుత్వం ఆ ధరను కదిలించలేదు, ఆ తరువాత ఇరవై ఖిర్షులు చేసింది. ఆ లెక్కన మేము అప్పుడు ఎగవేసినది 3,400 రొట్టెలు, ఇప్పుడు ఆ డబ్బుకు వచ్చేవి 850. డాలరుతో కొలిస్తే ఒక జవాబు, బంగారంతో ఇంకొకటి, రొట్టెతో మరొకటి వచ్చాయి.

"చూశావా, ఇందుకే" అన్నాడు కేరళ మిత్రుడు. 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ, అప్పును ఏ కరెన్సీలో తీసుకుంటే అదే కరెన్సీలో, అదే సంఖ్యలో తీర్చాలని, ధరల సూచికతో ముడిపెట్టరాదని తీర్మానించింది. ముడిపెడితే వడ్డీకి వాకిలి తెరిచినట్లవుతుంది. మేము మా హనఫీ పక్షాన ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) గారిని నిలబెట్టాము. నాణేల విలువ మారినప్పుడు విలువనే చెల్లించాలన్నది ఆయన అభిప్రాయం. ఈ విషయం మీద ఇబ్నె ఆబిదీన్ గారు ప్రత్యేకంగా ఒక గ్రంథమే వ్రాశారు. ఆయన పుస్తకాన్నే అరువు తెచ్చుకుని, ఆయన మాటతోనే బాకీ లెక్క వేసుకుంటున్నామని మిత్రులు నవ్వారు. నవ్వులో మేమూ కలిశాము గాని, ఆ నవ్వు గొంతు దిగలేదు.

చివరకు ఒక దారి తేలింది. బాకీ 170 పౌండ్లే. అంతకు మించి ఇవ్వమని అడిగే హక్కు ఎవరికీ లేదు. అయితే దైవప్రవక్త (స) తాము అప్పు తీసుకున్న ఒంటెకు బదులు అంతకంటే మేలైన ఒంటెను ఇప్పించారు. ముందుగా షరతు లేకుండా, ఋణగ్రస్తుడు తన ఇష్టంతో ఎక్కువ ఇస్తే అది మంచి తీర్పు. అందుచేత యాభై డాలర్ల మేరకు, అంటే 2,500 పౌండ్లు ఇద్దామని, అందులో బాకీ ఎంతో కానుక ఎంతో విడదీసి చెబుదామని నిశ్చయించుకున్నాము.

బుధవారం ఇమామ్ షాఫియీ (రహ్మలై) గారి సమాధి దర్శించాము. 820లో కైరో నేలలో కన్నుమూసిన ఆ మహనీయుని సమాధి మీద 1211లో కట్టిన గుంబదు ఉన్నది. దాని శిఖరాన చిన్న లోహపు పడవ ఉంటుంది. కేరళ మిత్రుడు లోపల అడుగు పెట్టగానే మాట పోయినవానిలా నిలబడిపోయాడు. ఆ పరిసరాలలోనే ఇమామ్ లైస్ బిన్ సఅద్ (రహ్మలై) సమాధి కూడా ఉన్నది. గొప్ప ధనవంతుడై ఉండి కూడా, సంవత్సరం తిరిగేలోపే అంతా పంచివేయడం వలన జకాత్ విధి కాలేదని ఆయనను గురించి చెబుతారు. చుట్టూ ఉన్న పాత ఖబరిస్తాను 'ఖరాఫా'లో కొన్ని భాగాలు ఇటీవల కొత్త రహదారుల కోసం తొలగిపోయాయి. హాజీ గారి సమాధి అటువైపే ఎక్కడో ఉన్నదని పక్క అంగడివారు చెప్పి ఉన్నారు. ఎక్కడో తెలియదు. ఒక గోడ ప్రక్కన నిలబడి దుఆ చేసి వచ్చాము.

గురువారం మగ్రిబ్ తరువాత అంగడి తెరిచి ఉన్నది. కుమారునికి నలభై ఐదేళ్ళుంటాయి. ఆ రోజులలో మాకు టీ గ్లాసులు తెచ్చి ఇచ్చిన కుర్రవాడే. భూకంపం మాట ఎత్తగానే లేచి మమ్మల్ని కౌగిలించుకున్నాడు. మేము వచ్చిన పని చెప్పాము. ఖాతా పుస్తకం ఎప్పుడో పోయిందన్నాడు. 170 పౌండ్లని వినగానే చేతులు రెండూ పైకెత్తి, "మన్నించాను యా మౌలానా, దునియాలోనూ ఆఖిరత్‌లోనూ మన్నించాను. మా నాన్న కూడా ఇదే మాట అనేవారు. కూర్చోండి, టీ త్రాగండి" అన్నాడు.

ఇరవై ఎనిమిదేళ్ళ బరువు దిగిపోయినట్లే అనిపించింది. టీ కూడా వచ్చింది. అప్పుడు సెనెగల్ మిత్రుడు నిదానంగా అడిగాడు: "మీరు ఒక్కరే సంతానమా?"

కాదు. తల్లి తండ్రికి ముందే పోయింది. ఇతనికి పైన ఒక అక్క, క్రింద ఒక చెల్లెలు. అక్క తంతా పట్టణంలో, చెల్లెలు అలెగ్జాండ్రియాలో కాపురం.

పాఠకులకు ఫరాయిజ్ లెక్క తెలిసినదే. బాకీ చనిపోయినవారి ఆస్తిలో భాగం, అది వారసులందరిదీ. కుమారునికి రెండు పాళ్ళు, కుమార్తెలకు ఒక్కొక్క పాలు. ఈయన మన్నించగలిగినది తన సగాన్నే. మిగతా సగం ఈయనది కాదు. ఆ మాటే మర్యాదగా చెప్పాము. అతని ముఖం కొంచెం మారింది.

"వాళ్ళు ఏమంటారు మౌలానా! పెళ్ళిళ్ళప్పుడే నాన్న వాళ్ళకు ఎంతో పెట్టారు. ఈ అంగడి సంగతి వాళ్ళు ఏనాడూ అడగలేదు. వాళ్ళకేం తక్కువ?"

ఈ మాటలు మేము ఇంతకుముందు విన్నాము. కైరోలో కాదు. కర్నూలు జిల్లాలోని మా గ్రామంలో, 1997లో, అబ్బా పోయిన నలభై రోజులలోపు. ఆ మాటలు అన్నవారు ఊరి పెద్దలు. వింటూ తల ఊపినది మేము. ఇల్లు, దానిని ఆనుకున్న రెండెకరాల చేను. అమ్మీ అంతకుముందే వెళ్ళిపోయారు. మేము ఇద్దరమే సంతానం గనుక ఆపాకు మూడో వంతు. "నాకేమీ వద్దు, తమ్ముడు ఇప్పుడే చదువు ముగించుకుని వచ్చాడు, వాడికే ఉండనీయండి" అని ఆపా కాగితం మీద సంతకం చేశారు. ఆ మాట అనేటప్పుడు ఆమె మా వైపు చూడలేదు, దూల్హాభాయి వైపు చూడలేదు, నేల వైపు చూశారు. మేము ఆమెకు ఒక మంచి చీర పెట్టి పంపాము. మనస్సు ఇష్టపడి ఇచ్చినదే పుచ్చుకోదగినదని, సిగ్గుకూ మొహమాటానికీ లొంగి వదులుకున్నది ధర్మసమ్మతం కాదని అప్పటికి మాకు బాగా తెలుసు. ఏ విద్యలో పరీక్ష ఇచ్చి పట్టా తెచ్చుకున్నామో ఆ విద్యే అది.

అంగడిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత కుమారుడు, "సరే, మీరే అడగండి" అని తంతాలోని అక్కకు ఫోను కలిపి బల్ల మీద పెట్టాడు. మేము విషయం చెప్పాము. అవతల ఒక స్త్రీ గొంతు పెద్దగా నవ్వింది. "భూకంపం నాటి హిందీలా? ఆ పప్పుచారు కాచింది నేనే!" తరువాత నెమ్మదిగా అడిగింది: "నా వంతు ఎంత వస్తుంది?"

బాకీలో నలభై రెండున్నర పౌండ్లు. కానుకతో కలిపి 625 అని చెప్పాము. ఇష్టమైతే మన్నించవచ్చునని, మన్నించకపోయినా ఏ తప్పూ లేదని కూడా చెప్పాము.

"మన్నించను" అన్నది ఆమె. "తీసుకుంటాను. నాన్న అంగడి నుండి నా చేతికి వస్తున్న మొదటి డబ్బు ఇది. తమ్ముడూ, వింటున్నావా? పంపించు."

అతడు తల వంచుకుని, "పంపిస్తాను అక్కా" అన్నాడు. అక్కడికక్కడే తన ఫోను నుండి ఆమె ఖాతాకు 625 పంపి, మాకు చూపించాడు. చెల్లెలు ఫోను ఎత్తలేదు. ఆమె వంతు కూడా పంపాడు. డబ్బు చేరిందని రెండు ముక్కలు మరునాడు ఆమె నుండి వచ్చాయట. తన వంతులో బాకీ ఎనభై ఐదు మాత్రం ఆయన మన్నించినట్లే ఉంచుకోమన్నాడు, కానుక పుచ్చుకున్నాడు. సాగనంపుతూ గుమ్మం దాకా వచ్చి ఏదో చెప్పబోయి, "మాలేష్" అని ఊరుకున్నాడు. పరవాలేదన్నమాట. ఎవరికి పరవాలేదో అడగలేదు.

ఆ రాత్రి మిత్రులు ఖస్రున్నీల్ వంతెన మీదికి నది చూడడానికి వెళ్ళారు. మేము బసలోనే ఉండిపోయి ఆపాకు ఫోను చేశాము.

"ముట్టిందా?" అన్నారు.

"ముట్టింది ఆపా." జరిగినదంతా చెప్పాము. తంతాలోని అక్కగారి మాట దాకా వచ్చేసరికి ఆపా మధ్యలో ఆపి అడిగారు: "ఆమె తీసుకుందా?"

"తీసుకుంది."

కొంతసేపు ఫోనులో ఏమీ వినిపించలేదు. తరువాత, "మంచి పని చేసింది" అన్నారు. ఇంకేమీ అనలేదు.

అప్పుడు ఇంటి సంగతి, చేని సంగతి ఎత్తాము. ఇరవై ఎనిమిదేళ్ళ పంట లెక్క ఎలాగో మాకు ఇప్పటికీ తెలియడం లేదని, ముందు మూడో వంతు భూమి విడదీసి ఆమె పేర వ్రాయిద్దామని చెప్పాము. వద్దంటారేమోనని ఎదురుచూశాము. ఆపా వద్దనలేదు. "బావి ఎవరి వైపు వస్తుంది?" అని అడిగారు.

కొలిస్తే గాని తెలియదన్నాము. వచ్చే నెల పదకొండవ తేదీన సర్వేయరు గొలుసు తీసుకుని వస్తానన్నాడు.